తెరచాప పడవ డీజిల్ ఇంజిన్‌కు బెల్టు మార్చడం: విప్పడం నుంచి మళ్ళీ బిగువు చూసేదాకా

ఈ పని గురించి తరచూ వచ్చే ప్రశ్నలు మూడే. కొత్త బెల్టు వేసినా స్టార్ట్ చేయగానే ఎందుకు కీచుమంటోంది? ఇంజిన్ ముందంతా నల్లపొడి ఎందుకు రాలుతోంది? అసలు ఎంత బిగించాలి? చాలామంది బెల్టు నాసిరకమని తిట్టుకుని ఇంకోటి కొంటారు. అదీ కొన్నాళ్ళకు అలాగే అవుతుంది. బెల్టు ఎక్కించడం పది నిమిషాల పని. అది ఎంతకాలం మన్నుతుందో తేల్చేవి ఎక్కించే ముందు పుల్లీల (బెల్టు కూర్చునే గాడి చక్రాల) దగ్గర పెట్టే సమయం, ఎక్కించాక మళ్ళీ చూసే బిగువు. అందుకే ఆ రెండు చోట్లా ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాం.

ఇదంతా ఇంజిన్ ముందువైపు బయటకు కనిపించే బెల్టుల గురించి. కవరు లోపల ఉండే టైమింగ్ బెల్టు జోలికి ఈ పద్ధతితో వెళ్ళకండి.

1. ఏ బెల్టు దేన్ని తిప్పుతోందో ముందు చూడండి

ఎక్కువ పడవ ఇంజిన్లలో అమరిక ఒకటే. కింద క్రాంక్‌షాఫ్ట్ (ఇంజిన్ ప్రధాన ఇరుసు) పుల్లీ, పైన కూలెంట్ పంపు పుల్లీ, పక్కన బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ పుల్లీ. ఒకే బెల్టు ఈ మూడింటినీ త్రిభుజంలా చుట్టి వస్తుంది. యాన్మార్ 2జీఎం20, 3జీఎం30 లాంటి ఇంజిన్లలో సముద్రపు నీటి పంపుకు ఇంకో చిన్న బెల్టు విడిగా ఉంటుంది. కొన్ని ఇంజిన్లలో ఆ పంపు గేరుతో తిరుగుతుంది, దానికి బెల్టే ఉండదు.

ఇది ముందే తెలిసి ఉంటే, తెగిన రోజున ఇంజిన్ ఎంత తొందరగా ఆపాలో తెలుస్తుంది.

- బెల్టు ఆల్టర్నేటర్‌ను మాత్రమే తిప్పుతుంటే: చార్జింగ్ ఆగిపోతుంది, ఇంజిన్ నడుస్తుంది.
- కూలెంట్ పంపును కూడా తిప్పుతుంటే: కొద్ది నిమిషాల్లోనే ఇంజిన్ వేడెక్కుతుంది. వెంటనే ఆపాలి.
- సముద్రపు నీటి పంపుదైతే: ఎగ్జాస్ట్‌ను చల్లబరిచే నీళ్ళు అందులోకి పోవు. కూలెంట్ అలారం మోగకముందే రబ్బరు ఎగ్జాస్ట్ గొట్టం, ప్లాస్టిక్ మఫ్లర్ కాలడం మొదలవుతుంది. ఇదే అన్నిటికంటే ప్రమాదం.

విప్పే ముందు ఫోన్‌తో రెండు ఫోటోలు తీయండి. ఒకటి ఎదురుగా, ఇంకొకటి పక్కనుంచి. పక్కనుంచి తీసిన ఫోటోలో ఏ బెల్టు ముందు గాడిలో ఉందో, ఏది వెనక గాడిలో ఉందో, ఏ వాషర్ ఎక్కడుందో కనబడాలి.

2. సరైన బెల్టు కొనడం

పాత బెల్టును కొలిచి కొత్తది కొనకండి. వాడిన బెల్టు సాగి, పక్కలు అరిగి ఉంటుంది. పైగా ఇంతకుముందు ఎవరో సరిపడనిది వేసి పోయి ఉండొచ్చు. ఇంజిన్ పార్ట్స్ బుక్‌లో ఉన్న నంబరే మొదటి ఆధారం. అయితే ఆల్టర్నేటర్‌ను మార్చి పెద్దది పెట్టి ఉంటే ఆ నంబరు పనికిరాదు. అప్పుడు పుల్లీల చుట్టూ సాగని దారం చుట్టి, ఆల్టర్నేటర్‌ను దాని కదలిక పరిధిలో మధ్యకంటే కొంచెం లోపలికి పెట్టి కొలవాలి. అలా చేస్తే ఎక్కించడానికి లోపలివైపు, బిగించడానికి బయటివైపు చోటు మిగులుతుంది.

బెల్టు మీద అచ్చయిన అంకెలు చదవడం వస్తే దుకాణంలో మోసపోరు. ‘ఏవీఎక్స్ 10×850 ఎల్ఏ’ అని ఉంటే పైవైపు వెడల్పు 10 మి.మీ., బయటి చుట్టుకొలత 850 మి.మీ., లోపలివైపు పళ్ళు కోసిన రకం అని అర్థం. చివర ‘ఎల్ఏ’ అంటే బయటి పొడవు, ‘ఎల్ఐ’ అంటే లోపలి పొడవు. 13 మి.మీ. వెడల్పు, 8 మి.మీ. మందం ఉన్న బెల్టుకు ఈ రెండు కొలతల మధ్య తేడా సుమారు 50 మి.మీ. ఆ అక్షరాలు చూడకుండా అంకె మాత్రమే చెప్పి తెచ్చుకుంటే బెల్టు ఎక్కనే ఎక్కదు, లేదా బిగువే రాదు.

కొనేటప్పుడు ఇంకొన్ని సంగతులు:

- వెడల్పు గాడికి సరిపోవాలి. 13 మి.మీ. గాడిలో 10 మి.మీ. బెల్టు వేస్తే అది అడుక్కి దిగి జారుతుంది.
- ‘4ఎల్’ అని ఉన్న బెల్టులు కొలతలో 13 మి.మీ. బెల్టులాగే ఉంటాయి. కానీ అవి చిన్న మోటార్ల కోసం చేసిన తేలిక రకం. పడవ ఇంజిన్‌కు వద్దు.
- లోపలివైపు పళ్ళు కోసిన బెల్టు చిన్న పుల్లీ చుట్టూ తేలిగ్గా వంగుతుంది, తక్కువ వేడెక్కుతుంది. ఇంజిన్‌కు సరిపోయే కొలతలో దొరికితే దాన్నే తీసుకోండి.
- జంట బెల్టులైతే రెండూ ఒకే కంపెనీవి, ఒకే బ్యాచ్‌వి కొనండి. ఒకటే పాడైనా రెండూ మార్చాలి. పాతదీ కొత్తదీ కలిపితే బరువంతా కొత్తదాని మీదే పడుతుంది.
- ఎన్ని మారుస్తున్నారో అన్ని స్పేర్‌గా కూడా కొనండి.

ఇక్కడే ఆల్టర్నేటర్ సైజు మాట కూడా తేల్చుకోవాలి. 14 వోల్టుల దగ్గర 100 ఆంపియర్లు అంటే 1.4 కిలోవాట్లు. ఆల్టర్నేటర్ వేడిగా పోగొట్టేది కూడా కలిపితే బెల్టు మోయాల్సింది రెండున్నర కిలోవాట్ల దాకా ఉంటుంది, అంటే మూడు హార్స్‌పవర్‌కు పైమాటే. 10 మి.మీ. సింగిల్ బెల్టు 70, 80 ఆంపియర్ల దాకా, 13 మి.మీ. బెల్టు 100 ఆంపియర్ల దరిదాపుల దాకా ఫరవాలేదని అనుభవంతో వచ్చిన లెక్క. ఆ పైన జంట బెల్టులు గానీ పాలీ-వి బెల్టు (లోపలివైపు పొడవునా సన్నని గీరలున్న బెల్టు) గానీ కావాలి. లిథియం బ్యాటరీలు వేసుకున్న తర్వాతే బెల్టు తినేస్తోందని ఫిర్యాదులు మొదలవడంలో వింతేమీ లేదు. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుతున్నకొద్దీ కరెంటు తగ్గించుకుంటుంది, లిథియం బ్యాటరీ దాదాపు చివరిదాకా పూర్తి కరెంటు లాగుతూనే ఉంటుంది.

3. దగ్గర పెట్టుకోవాల్సినవి

- కొత్త బెల్టులు, మాన్యువల్
- రింగు పానాలు, సాకెట్లు: 10, 12, 13, 14, 17 మి.మీ. ఎక్కువగా పనికొస్తాయి. క్రాంక్ పుల్లీ బోల్టుకు పెద్ద సాకెట్ విడిగా కావాలి
- పొడవాటి కర్ర లేదా సుత్తి పిడి (ఆల్టర్నేటర్‌ను లాగి పట్టడానికి)
- తిన్నని ఉక్కు స్కేలు
- టార్చి, చిన్న అద్దం
- 400 నంబరు నీటి ఎమెరీ కాగితం, బ్రేక్ క్లీనర్ లేదా స్పిరిట్, నూలు పోగులు రాలని గుడ్డ
- తుప్పు వదిలించే స్ప్రే
- మల్టీమీటర్
- ఇంజిన్ కింద పరచడానికి పాత టవల్

టవల్ చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ తప్పనిసరి. పడవ అడుగు గుంటలోకి ఒక్క వాషర్ జారితే దాన్ని వెతకడానికి బెల్టు మార్చడానికంటే ఎక్కువసేపు పడుతుంది.

బోల్టులకు తుప్పు పట్టి ఉంటే ముందురోజు సాయంత్రమే స్ప్రే కొట్టి వదిలేయండి. స్ప్రే పుల్లీ గాడుల్లో పడకుండా గుడ్డ అడ్డం పెట్టండి.

4. ఇంజిన్ తిరగకుండా, కరెంటు రాకుండా చూసుకోవడం

ఈ క్రమం మార్చకండి.

1. ఇంజిన్ ఆపి, చేత్తో పట్టుకోగలిగేంత చల్లారనివ్వండి.
2. తాళం తీసి జేబులో వేసుకోండి. పడవలో ఇంకెవరైనా ఉంటే చెప్పండి.
3. ఇంజిన్ ఆగాకే బ్యాటరీ స్విచ్ ఆపండి. నడుస్తుండగా ఆపితే ఆల్టర్నేటర్ డయోడ్లు పోతాయి.
4. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. బ్యాటరీలు రెండు సెట్లుంటే రెండింటివీ.
5. ఆల్టర్నేటర్ వెనక బి ప్లస్ టెర్మినల్‌కూ (చార్జింగ్ కరెంటు బయటికి వచ్చే కొస) ఇంజిన్ బాడీకీ మధ్య మల్టీమీటర్ పెట్టి సున్నా చూపిస్తోందో లేదో చూడండి.

అయిదో అడుగు చాలామంది వదిలేస్తారు. కొన్ని పడవల్లో బి ప్లస్ తీగ బ్యాటరీ స్విచ్‌తో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి వెళ్తుంది. స్విచ్ ఆపినా అందులో కరెంటు ఉంటూనే ఉంటుంది. మీరు పానా తిప్పేది దానికి బెత్తెడు దూరంలో. పానా ఒక కొస బి ప్లస్‌కు, ఇంకో కొస ఇంజిన్ బాడీకి తగిలితే చేతిలో ఉన్నది కాలిన ఇనుమే.

సముద్రపు నీటి గొట్టం విప్పాల్సి వస్తేనే సీకాక్ (సముద్రపు నీరు పడవలోకి వచ్చే చోట ఉండే వాల్వ్) మూయాలి. మూస్తే ఇంజిన్ తాళాన్ని ఆ సీకాక్ పిడికే తగిలించండి. అది తెరవకుండా ఇంజిన్ స్టార్ట్ చేయడం ఇక కుదరదు.

5. పాత బెల్టు ఏం చెబుతోంది?

తీసే ముందు బెల్టును, చుట్టుపక్కలను టార్చితో చూడండి. తీసి పారేశాక ఈ ఆధారాలు దొరకవు.

పక్కలు అద్దంలా నునుపెక్కి మెరుస్తుంటే చాలాకాలంగా జారుతోందన్నమాట. ఒక పక్కే అరిగి పోగులు లేచి ఉంటే పుల్లీలు ఒక వరసలో లేవు. లోపలివైపు అడ్డంగా పగుళ్ళుంటే వయసు, వేడి. మెత్తబడి ఉబ్బి ఉంటే ఆయిల్ లేదా డీజిల్ కారుతోంది. ఎక్కడినుంచో కనిపెట్టకుండా కొత్తది వేయకండి. బెల్టు ఒకచోట తిరగబడి ఉంటే లోపలి తాడు తెగింది.

నల్లపొడి ఎక్కడ ఎక్కువ పడిందో కూడా గమనించండి. ఏ పుల్లీ దగ్గర గుట్టగా ఉందో అనుమానం ముందు ఆ పుల్లీ మీదే. ఆ పొడిని ఆల్టర్నేటర్ ఫ్యాన్ లోపలికి పీల్చుకుంటుంది, కాబట్టి దాని గాలి రంధ్రాలు కూడా శుభ్రం చేయండి.

6. వదులు చేసి తీయడం

ఆల్టర్నేటర్‌కు కింద ఇరుసులా ఒక పొడవాటి బోల్టు, పైన సర్దుబాటు పట్టీ ఉంటాయి.

1. కింది ఇరుసు బోల్టును సగం చుట్టు వదులు చేయండి. తీయొద్దు.
2. సర్దుబాటు పట్టీ మీద, ఆల్టర్నేటర్ వైపున్న బోల్టు వదులు చేయండి.
3. ఆ పట్టీ ఇంజిన్‌కు తగులుకున్న రెండో బోల్టు కూడా కొద్దిగా వదులు చేయండి.
4. ఆల్టర్నేటర్‌ను ఇంజిన్ వైపు పూర్తిగా నెట్టండి.
5. బెల్టును ముందు ఆల్టర్నేటర్ పుల్లీ మీదనుంచి, తర్వాత మిగతా వాటి మీదనుంచి తప్పించండి.

ఆల్టర్నేటర్ కదలనంటే దాదాపు ప్రతిసారీ కారణం మూడో అడుగే. ఆ బోల్టు బిగుతుగా ఉంటే పట్టీ తిరగదు. బలం పెట్టేముందు దాన్ని చూడండి.

సముద్రపు నీటి పంపు బెల్టు ముందు గాడిలో ఉంటే, ఆల్టర్నేటర్ బెల్టు బయటికి రావాలంటే అది ముందు రావాలి. ఎలాగూ తీస్తున్నారు కనుక రెండూ ఒకేసారి మార్చేయండి. ఆ పంపు దాని పళ్ళెం మీద కొద్దిగా జరుగుతుంది. గొట్టాలు గట్టిబడి ఉంటే అవే పంపును వెనక్కి లాగుతాయి, జాగ్రత్తగా వంచండి.

7. పుల్లీలు, బేరింగులు, వరస

అసలు పని ఇది. గంట పట్టినా తొందర వద్దు.

*తుప్పు.* ఉప్పుగాలికి పుల్లీ గాడి పక్కలు గరుకెక్కుతాయి. ఆ గరుకు ఎమెరీ కాగితంలా బెల్టును అరగదీస్తుంది, నల్లపొడి అక్కడినుంచే వస్తుంది. 400 నంబరు కాగితాన్ని మడిచి, గాడి రెండు పక్కలా చేతివేలికి నునుపు తగిలేదాకా రుద్దండి. క్రాంక్ పుల్లీ చుట్టూ చెయ్యి అందకపోతే పుల్లీ బోల్టుకు సాకెట్ తగిలించి ఇంజిన్‌ను కొద్దికొద్దిగా తిప్పండి. డీకంప్రెషన్ లీవర్లుంటే (సిలిండర్లలో ఒత్తిడి వదిలేసి ఇంజిన్ తేలిగ్గా తిరిగేలా చేసేవి) ఎత్తి పెట్టండి. ఇంజిన్ మామూలుగా తిరిగే దిశలోనే తిప్పాలి. ఎదురు తిప్పితే సముద్రపు నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్ రెక్కలు వెనక్కి మడతపడతాయి.

రుద్దాక స్పిరిట్ గుడ్డతో తుడవండి. గాడిలో పెయింట్ వేయకండి, గ్రీజు రాయకండి. తుప్పు పట్టకుండా మంచి పని చేస్తున్నామని పెయింట్ వేసేవాళ్ళున్నారు. ఆ పెయింటే ఊడి బెల్టుకు అంటుకుంటుంది.

*అరుగుదల.* వి-బెల్టు పట్టు దాని రెండు పక్కలతోనే, అడుగుతో కాదు. కొత్త బెల్టును గాడిలో కూర్చోబెట్టి చూడండి. దాని పైభాగం పుల్లీ అంచుతో సమానంగా గానీ, ఒకటి రెండు మి.మీ. పైకి గానీ ఉండాలి. అంచుకంటే లోపలికి దిగినా, గాడి అడుగు మెరుస్తూ కనిపించినా పుల్లీ అయిపోయింది. ఎన్ని కొత్త బెల్టులు వేసినా జారుతూనే ఉంటుంది. గాడి పక్కలు తిన్నగా ఉండాలి. స్కేలు అంచు ఆనించి టార్చి వేస్తే, లోపలికి గుంటలా అరిగిందో లేదో సందులోంచి వచ్చే వెలుతురు చెబుతుంది.

*బేరింగులు.* బెల్టు లేనప్పుడే వీటిని సరిగ్గా పరీక్షించగలం. ఆల్టర్నేటర్‌ను చేత్తో తిప్పండి, గరగర వినిపించకూడదు. కూలెంట్ పంపు పుల్లీని రెండు వైపులా పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపండి, వదులుగా కదలకూడదు. ఆ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ కూలెంట్ రంగు మరక కట్టి ఉంటే సీలు పోతోంది.

సముద్రపు నీటి పంపు కింద తెల్లటి ఉప్పు పొర ఉందేమో ప్రత్యేకంగా చూడండి. ఆ సీలు నుంచి కారే చుక్కలు తిరిగే పుల్లీల మీద పడి చుట్టూ చిమ్ముతాయి. పుల్లీలకు పదే పదే తుప్పు పట్టడానికి మూలం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. సీలు మార్చకుండా బెల్టు మారిస్తే ఆ ఖర్చు మళ్ళీ పెట్టాల్సిందే.

*వరస.* ఉక్కు స్కేలును క్రాంక్ పుల్లీ ముఖానికీ ఆల్టర్నేటర్ పుల్లీ ముఖానికీ కలిపి ఆనించండి. నాలుగు చోట్లా తగలాలి. రెండు పుల్లీల అంచుల మందం వేరైతే ముఖాలతో కొలవకండి. గాడుల్లో సమాన మందమున్న తిన్నని కడ్డీ పెట్టి, గాడి మధ్యనుంచి మధ్యకు చూడండి. పుల్లీ కేంద్రాల మధ్య 30 సెం.మీ. దూరముంటే తేడా 1.5 మి.మీ. దాటకూడదు.

తేడా రెండు రకాలు. పుల్లీలు సమాంతరంగానే ఉండి ఒకటి ముందుకుంటే, ఆల్టర్నేటర్ కాలి దగ్గర పలుచని వాషర్లు వేసో తీసో సరిచేయొచ్చు. ఆల్టర్నేటర్ పక్కకు వాలి ఉంటే వాషర్లతో పని జరగదు. బ్రాకెట్ వంగిందో, ఇరుసు బోల్టు రంధ్రం సాగిందో, పట్టీ పగిలిందో చూడాలి.

వాషర్లు వేసేటప్పుడు ఇంకొకటి గుర్తుంచుకోండి. ఇరుసు బోల్టు దూరే ఆల్టర్నేటర్ చెవికీ బ్రాకెట్‌కూ మధ్య ఖాళీ మిగిలితే, బోల్టు బిగించినప్పుడు ఆ అల్యూమినియం చెవి వంగి పగులుతుంది. ఖాళీ పూర్తిగా నిండేలా వాషర్ మందం కుదుర్చుకోండి.

8. కొత్త బెల్టు ఎక్కించడం

ముందు క్రాంక్ పుల్లీ, తర్వాత కూలెంట్ పంపు, చివరికి ఆల్టర్నేటర్. చేతులతోనే ఎక్కాలి. స్క్రూడ్రైవర్ పెట్టి పుల్లీ అంచు మీదుగా ఎత్తి తోస్తే ఎక్కుతుంది, నిజమే. కానీ లోపల బరువు మోసే తాళ్ళు తెగుతాయి, పైకి ఏమీ కనిపించదు. అలాంటి బెల్టు కొన్ని గంటల్లోనే తిరగబడుతుంది.

ఎక్కకపోతే రెండే కారణాలు: ఆల్టర్నేటర్ పూర్తిగా లోపలికి జరగలేదు, లేదా పొడవు తప్పు.

ఎక్కాక చుట్టూ వేలితో తడిమి, ప్రతి పుల్లీలోనూ సరైన గాడిలో కూర్చుందో లేదో చూడండి. వెనకవైపు కనిపించని చోట అద్దం వాడండి.

9. బిగువు

మాన్యువల్‌లో సాధారణంగా రెండు అంకెలుంటాయి: ఎంత బలంతో నొక్కాలి, ఎన్ని మి.మీ. లోపలికి పోవాలి. చిన్న ఇంజిన్ల ఆల్టర్నేటర్ బెల్టుకు, రెండు పుల్లీల మధ్య పొడవైన భాగంలో, మధ్యలో 10 కిలోల బలంతో నొక్కితే సుమారు 10 మి.మీ. అన్నది తరచు కనిపించే లెక్క. సముద్రపు నీటి పంపు చిన్న బెల్టుకు అంత ఉండదు, దాదాపు అందులో సగం. మీ ఇంజిన్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే ప్రమాణం.

‘బొటనవేలితో నొక్కండి’ అనే సలహాలో చిక్కు ఏమిటంటే ఒక్కొక్కరి బొటనవేలు ఒక్కో రకం. సామాను తూచే కొక్కెం త్రాసు ఉంటే బెల్టు మధ్యలో తగిలించి 10 కిలోలు చూపేదాకా లాగండి. పుల్లీ నుంచి పుల్లీకి ఆనించిన స్కేలుతో ఎన్ని మి.మీ. జరిగిందో చూడండి. ఒకటి రెండుసార్లు ఇలా చేస్తే వేలికి లెక్క తెలిసిపోతుంది.

బిగించే క్రమం:

1. ఇరుసు బోల్టును, ఆల్టర్నేటర్ కదిలేలా ఉండగానే, చేతిపట్టు వరకు బిగించండి.
2. కర్రను ఇంజిన్ బ్లాకుకూ ఆల్టర్నేటర్ ముందువైపు గట్టి లోహపు భాగానికీ మధ్య పెట్టి బయటికి లాగండి. వెనక మూత మీద, ఫ్యాన్ మీద, ఏదైనా గొట్టం మీద ఆనించకండి.
3. అలా లాగి పట్టుకునే ఉండి, పట్టీ మీది సర్దుబాటు బోల్టు బిగించండి.
4. వంపు కొలవండి. సరిపోకపోతే మళ్ళీ వదులు చేసి లాగండి.
5. సరిపోయాక కింది ఇరుసు బోల్టు, చివరికి పట్టీ రెండో బోల్టు.
6. అన్నీ బిగించాక ఇంకోసారి వంపు కొలవండి. బోల్టులు బిగిసేటప్పుడు కొంత మారుతుంది.

మరలాంటి సర్దుబాటు రాడ్ ఉన్న ఆల్టర్నేటర్ అయితే కర్ర అవసరం లేదు. అది లేని ఇంజిన్‌కు విడిగా కొని పెట్టుకోవడం డబ్బుకు తగ్గ సుఖమే, ముఖ్యంగా అలల మీద ఒంటిచేత్తో పని చేయాల్సినప్పుడు.

రెండో పరీక్ష: ఆల్టర్నేటర్ పుల్లీ నట్టుకు పానా పెట్టి తిప్పండి. పుల్లీ బెల్టులో జారితే ఇంకా వదులుగా ఉంది. జారకుండా ఇంజిన్‌నే తిప్పబోతే చాలు.

అనుమానం వచ్చినప్పుడు ‘ఇంకొంచెం’ బిగించడమే ఎక్కువమంది చేసే పని. వదులు బెల్టు కీచుమని చెబుతుంది, అతి బిగువు చెప్పదు. కూలెంట్ పంపు బేరింగును, ఆల్టర్నేటర్ ముందు బేరింగును నెలల తరబడి నిశ్శబ్దంగా తినేస్తుంది. బెల్టు మార్చిన తర్వాతి సీజన్‌లో కూలెంట్ పంపు కారితే, ఎంత బిగించామో ఒకసారి గుర్తు చేసుకోవాలి.

10. తొలి స్టార్ట్, మళ్ళీ బిగింపు

స్టార్ట్ చేసే ముందు:

- పనిముట్లు, గుడ్డ, టవల్ అన్నీ బయటికి వచ్చాయా?
- క్రాంక్ బోల్టు మీద సాకెట్ మిగిలిపోలేదు కదా?
- బెల్టు ముందు గార్డు తిరిగి పెట్టారా?
- సీకాక్ మూసి ఉంటే తెరిచారా?
- డీకంప్రెషన్ లీవర్లు కిందికి దించారా?
- బ్యాటరీ తీగలు, స్విచ్ సరిగ్గా ఉన్నాయా?

స్టార్ట్ చేయగానే ఎగ్జాస్ట్‌లోంచి నీళ్ళు వస్తున్నాయో లేదో చూడండి. చార్జింగ్ దీపం ఆరాలి. అయిదు నిమిషాలు నెమ్మదిగా నడిపి ఆపండి, తాళం తీసి బిగువు చూడండి. కొత్త బెల్టు గాడిలో సర్దుకుంటుంది, కొద్దిగా వదులవుతుంది. తర్వాత గంటసేపు లోడు మీద నడిపాక, మళ్ళీ పది గంటల దగ్గర చూడండి. ఈ మూడుసార్లు చూడకపోవడమే మంచి బెల్టులను తొందరగా చంపుతోంది. తొలి పది గంటల్లో జారిన బెల్టు పక్కలు నునుపెక్కిపోతాయి, తర్వాత ఎంత బిగించినా పట్టు రాదు.

ఇంజిన్ గంటల మీటరు రీడింగును లాగ్‌బుక్‌లో రాసిపెట్టండి. ఆ తర్వాత ఆయిల్ చూసే ప్రతిసారీ బెల్టు మీద ఒక చూపు, ఒక వేలు నొక్కు సరిపోతాయి.

చాలా పడవల్లో ఆర్‌పీఎం మీటరుకు సిగ్నల్ ఆల్టర్నేటర్ డబ్ల్యూ టెర్మినల్ నుంచే వస్తుంది. ఇంజిన్ శబ్దం మారకుండా మీటరు ముల్లు వణుకుతుంటే బెల్టు జారుతోందని, ఒక్కసారిగా సున్నాకు పడితే తెగిందని ముందుగా అనుమానించండి. చార్జింగ్ దీపం, ఈ ముల్లు కలిసి ఇచ్చే హెచ్చరిక ఉష్ణోగ్రత అలారం కంటే ముందే వస్తుంది.

11. పాలీ-వి బెల్టు అయితే

‘6పీకే1000’ అంటే ఆరు గీరలు, 1000 మి.మీ. పొడవు. పద్ధతి దాదాపు ఇదే, రెండు తేడాలతో. గీర ఒక గాడి పక్కకు జరిగి కూర్చునే ప్రమాదం ఎక్కువ, ప్రతి పుల్లీ దగ్గరా గీరలు లెక్కపెట్టండి. స్ప్రింగ్ టెన్షనర్ ఉంటే బిగువు అదే చూసుకుంటుంది, మీరు చూడాల్సింది దాని రోలర్ బేరింగును, సూచిక గీత పరిధిలో ఉందో లేదో. ఈ బెల్టు వరస తేడాను వి-బెల్టు కంటే తక్కువ భరిస్తుంది.

12. తిప్పలు, మందులు

- స్టార్ట్ చేశాక కొన్ని క్షణాలు కీచు శబ్దం: బ్యాటరీ ఆకలిగా ఉండి ఆల్టర్నేటర్ మీద ఒక్కసారి బరువు పడుతోంది. బిగువు చూడండి. అది సరిగ్గా ఉండి పక్కలు మెరుస్తుంటే బెల్టు మార్చాలి. ఆల్టర్నేటర్ కరెంటును అదుపు చేసే రెగ్యులేటర్ విడిగా బయట ఉంటే, చార్జింగ్ ఆలస్యంగా మొదలయ్యే సెట్టింగు, గరిష్ఠ అవుట్‌పుట్ తగ్గించే సెట్టింగు వాడుకోండి.
- బిగువు సరిగ్గానే ఉన్నా నల్లపొడి: తుప్పు, వరస, ఆల్టర్నేటర్ అతి పెద్దది కావడం. ఈ క్రమంలోనే చూడండి.
- బెల్టు గాడిలో తిరగబడటం: ఎక్కించేటప్పుడు తాడు తెగింది, లేదా వరస బాగా తప్పింది. ఆ బెల్టును మళ్ళీ వాడొద్దు.
- బిగించిన కొద్దిసేపటికే వదులు: పట్టీ రంధ్రం సాగింది, బోల్టు కింద వాషర్ అణిగింది, లేదా ఇరుసు బోల్టు వదులుగా ఉంది. బోల్టు తలకూ బ్రాకెట్‌కూ కలిపి పెయింట్‌తో గీత గీస్తే జారుతున్నదేదో తెలుస్తుంది.
- బెల్టుకు పట్టునిచ్చే స్ప్రే వాడొచ్చా? వద్దు. శబ్దం కాసేపు ఆగుతుంది, పొడి జిగురై గాడిలో పేరుకుంటుంది.

13. సముద్రం మీద తెగితే

ముందు ఇంజిన్ ఆపండి, తర్వాత పడవ సంగతి చూడండి: తెరచాప ఎత్తి ఒడ్డుకు దూరంగా మళ్ళండి, గాలి లేకపోతే లంగరు వేయండి. వేడి ఇంజిన్ ముందు తొందరపడి చెయ్యి పెట్టకండి, కూలెంట్ మూత తెరవకండి. తెగిన ముక్కలు పుల్లీల వెనక చిక్కుకుని ఉంటే తీసేయాలి. లేకపోతే కొత్త బెల్టును కూడా అవి లాగేస్తాయి.

తెగింది ఆల్టర్నేటర్‌ను మాత్రమే తిప్పే బెల్టు అయితే ఇంజిన్‌ను అలాగే నడుపుకోవచ్చు. డీజిల్ మండటానికి స్పార్క్ అక్కర్లేదు. అయితే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్, కరెంటుతో తెరుచుకునే ఇంధన వాల్వ్ ఉన్న ఇంజిన్లకు బ్యాటరీ కావాలి. ఫ్రిజ్ లాంటివి ఆపి కరెంటు దాచుకోండి. కూలెంట్ పంపుదో, సముద్రపు నీటి పంపుదో అయితే బెల్టు లేకుండా ‘కొంచెం దూరమే కదా’ అని నడపకండి.

తాడు, మేజోళ్ళు కట్టి నడిపిన కథలు వింటుంటాం. ఆల్టర్నేటర్ బరువును అవి మోయలేవు. స్పేర్ లేనప్పుడు పనికొచ్చేది ముక్కలు కలిపి కావలసిన పొడవు చేసుకునే లింక్ బెల్టు. ముందున్న బెల్టు తీయకుండానే వెనక గాడిలోకి దాన్ని వేయొచ్చు. దాంతో నడిపేటప్పుడు ఆల్టర్నేటర్ బరువు తగ్గించండి. బయటి రెగ్యులేటర్ ఉంటే, ఇంజిన్ ఆగి ఉండగానే ఫీల్డ్ తీగ (రెగ్యులేటర్ నుంచి ఆల్టర్నేటర్‌కు వచ్చేది) తీసేస్తే ఆల్టర్నేటర్ ఖాళీగా తిరుగుతుంది.

కొత్త బెల్టు వేశాక స్టార్ట్ కాకపోతే పదే పదే క్రాంక్ చేయకండి, అంటే స్టార్టర్‌తో తిప్పకండి. పంపు నీళ్ళు తోస్తూనే ఉంటుంది, వాటిని బయటికి నెట్టే ఎగ్జాస్ట్ గ్యాసు ఉండదు. మఫ్లర్ నిండి నీళ్ళు సిలిండర్‌లోకి వెనక్కి రావచ్చు. రెండో ప్రయత్నం దాటితే సీకాక్ మూసి క్రాంక్ చేయండి, ఇంజిన్ అందుకోగానే తెరవండి.

స్పేర్ బెల్టులను గట్టిగా మడవకుండా, డీజిల్, ఆయిల్, ఎండ తగలకుండా మూత సంచిలో పెట్టండి. ఆ సంచిలోనే ఇంజిన్‌కు సరిపోయే రెండు మూడు పానాలు, కర్ర, ఒక టార్చి కూడా ఉంచండి. ఏ బెల్టు ఏ గాడికో సంచి మీద పెద్ద అక్షరాలతో రాయండి.